“ఇది మళ్లీ వచ్చింది”: విజయవాడలో పాత పీఎస్4 కొనబోయేవారు జాగ్రత్త

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. పొద్దున జరిగింది తలచుకుంటే ఇంకా ఒళ్లు మండిపోతోంది. వరుస తప్పితే మన్నించండి, ఈ కోపం చల్లారాక రాస్తే సగం మింగేస్తానని ఇప్పుడే రాస్తున్నాను.

విజయవాడలో పాత వీడియో గేమ్ యంత్రాలు అమ్మే ఆ దుకాణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్లాలి. గుమ్మం పక్కన ప్లాస్టిక్ బుట్టలో పాడైన కంట్రోలర్లు, అంటే చేత్తో పట్టుకుని ఆట ఆడే మీటలు, కుప్పపోసి ఉంటాయి. పేరు రాయను. నిన్న, శనివారం, అక్కడ 18,500 రూపాయలు పెట్టి పాత పీఎస్4 (ప్లేస్టేషన్ 4, టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రం) కొన్నాను. అది నెట్ మీద ఇతరులతో ఆడుకోవడానికి వెళ్లాల్సిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ నుంచి శాశ్వతంగా నిషేధించిన యంత్రం. ఆ సంగతి తెలిసే నాకు అమ్మారు.

నాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. తమ్ముడు రెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాడు. ఫోనులో మాట్లాడుకుంటే “తిన్నావా, అమ్మ ఎలా ఉంది” దాటి మాట సాగదు. మొన్న సంక్రాంతికి వాడు తన పీఎస్5 సంచిలో పెట్టుకొచ్చాడు. ఆ మూడు రోజులూ దాంట్లో రెయిన్‌బో సిక్స్ సీజ్ అనే ఆట ఆడాం. వాడొక రౌండు, నేనొక రౌండు. చిన్నప్పుడు బ్రాడీపేట నెట్ సెంటర్‌లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఆడిన రోజులు తిరిగొచ్చినట్టు అనిపించింది. వెళ్లేటప్పుడు బస్సు దగ్గర, “అన్నయ్యా, నువ్వు కూడా ఒకటి కొనుక్కో, పాత పీఎస్4 అయినా చాలు, రోజూ రాత్రి కలిసి ఆడదాం” అన్నాడు. మిర్చి సీజన్ అయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పక్కన పెట్టాను. అదీ నేపథ్యం.

ఈ ఆట తెలియనివారికి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కడ తగిలిందో అప్పుడే అర్థమవుతుంది. ఉగ్రవాద నిరోధక దళాల ఆట ఇది. 2015 డిసెంబరులో వచ్చింది, ఇప్పటికీ జనం ఆడుతూనే ఉన్నారు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒక పక్షం లోపల కాపు కాస్తుంది, ఇంకో పక్షం చొరబడాలి. మొదటి 45 సెకన్లు సిద్ధపడటానికి. లోపలివారు గోడలకు ఉక్కు పలకలు బిగిస్తారు, కిటికీలకు చెక్కలు కొడతారు. బయటివారు అరచేతిలో పట్టేంత చక్రాల డ్రోన్లను లోపలికి తోలి ఎవరు ఎక్కడున్నారో చూసుకుంటారు. ఆ తర్వాత 3 నిమిషాలు. చనిపోతే ఆ రౌండులో మళ్లీ లేవడం ఉండదు, మిగిలినవారిని చూస్తూ కూర్చోవాలి. మన తుపాకి గుండు మనవాడికి తగిలినా వాడి ప్రాణానికే ముప్పు. పరుగెత్తుకుంటూ కాల్చేవాడు ముందే పోతాడు. ఆగి, చెవి పెట్టి, పై అంతస్తులో ఎవరి అడుగు పడిందో విన్నవాడు నిలుస్తాడు. సంక్రాంతి నాడు నేనొక తలుపు పక్కన నక్కి అడుగుల చప్పుడు వింటుంటే వంటింట్లో అమ్మ గిన్నె కింద పెట్టింది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి కాల్చేశాను. అంతగా లీనం చేస్తుంది.

ఆటలో మొదట్లో వచ్చిన పాత్రల దళాలు కూడా నిజంగా ఉన్నవే. బ్రిటన్ ఎస్ఏఎస్, ఫ్రాన్స్ జీఐజీఎన్, జర్మనీ జీఎస్‌జీ 9. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఉగ్రవాదులు ఇజ్రాయెల్ క్రీడాకారులను చంపాక జర్మనీ ఆ జీఎస్‌జీ 9ను పెట్టుకుందని రౌండుకూ రౌండుకూ మధ్య తమ్ముడే చెప్పాడు. 2019లో చేర్చిన కాళి అనే పాత్ర మన దేశపు మనిషి అని కూడా వాడే చూపించాడు. నాకు కావలసింది ఆ మాటలే. ఆట వాటికి ఒక సాకు.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ ఆటలో ఒంటరిగా కూర్చుని ముగించే కథ లేదు. ఆట దాదాపు అంతా ఎదుటి మనుషులతోనే, నెట్ మీదే. నెట్‌వర్క్‌లోకి రానివ్వని పీఎస్4లో ఈ డిస్కు పెట్టుకుని చేయగలిగేది దాదాపు ఏమీ లేదు. ఈ మాట నేను దుకాణంలో అడుగు పెట్టగానే చెప్పాను. “తమ్ముడితో సీజ్ ఆడటానికే కొంటున్నాను, ఇంకే ఆటా అక్కర్లేదు” అన్నాను. ఓనరు తల ఊపి, “మంచి ఆట సార్, డిస్కు కూడా ఉంది, 900కు ఇస్తాను” అని అరలోంచి తీసి పెట్టాడు. అదీ కొన్నాను.

నేను చూసుకోకుండా కొనలేదు. ఇరవై నిమిషాలు పరీక్షించాను. ఫ్యాను చప్పుడు విన్నాను. వెనక టీవీ తీగ పెట్టే చోట వేలితో కదిపి చూశాను. డిస్కు రెండుసార్లు పెట్టి తీశాను. కంట్రోలర్ స్టిక్కులు వదిలేసి తెర మీద బొమ్మ దానంతటది పక్కకు జరుగుతోందేమో చూశాను. ఈ ఆటలో గుమ్మం అంచు మీద గురిపెట్టి కదలకుండా కాచుకోవాలి, స్టిక్కు వెంట్రుకవాసి జరిగినా గురి తప్పుతుంది. అందుకని దాని మీదే ఐదు నిమిషాలు పెట్టాను. అన్నీ బాగున్నాయి. ఒక్కటి తప్ప.

“నెట్‌కు కలిపి చూపించండి” అన్నాను. “ఇప్పుడే పోయింది సార్, పొద్దుటి నుంచి లైను ఇలాగే ఉంది” అన్నాడు. గల్లా మీద పెట్టిన ఆయన ఫోనులో మాత్రం వీడియో ఆగకుండా నడుస్తూనే ఉంది. అది నా కళ్లతో చూశాను, అయినా ఆయన ఫోనుకు వేరే డేటా ఉంటుందిలే అనుకున్నాను. “పోనీ నా ఫోను హాట్‌స్పాట్‌కు కలపండి” అన్నాను. ఆయన నా చేతిలోని కంట్రోలర్ మీద చెయ్యి వేసి, మెల్లగా తన వైపు తీసుకుని, “వద్దు సార్, కలపగానే అప్‌డేట్ మొదలవుతుంది, మీ డేటా మొత్తం అయిపోతుంది, ఇంటికెళ్లి వైఫైలో చూసుకోండి” అన్నాడు. నా డేటా గురించి ఆలోచించే మనిషి అనుకున్నాను. కృతజ్ఞతలు కూడా చెప్పాను. ఈ రెండు రోజుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కాలుస్తున్నది ఆ కృతజ్ఞతే. ఇరవై నిమిషాలు పనికిరాని పరీక్షలు చేసి, చేయాల్సిన ఒక్క పరీక్ష దగ్గర వాడి మాట విన్నాను. 18,500 అంటే నా ఇంట్లో చిన్న డబ్బు కాదు.

పదివేలు యూపీఐలో, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు అడిగితే “పాత వస్తువుకు బిల్లు ఉండదు సార్” అని కాగితం ముక్క మీద మొత్తం రాసి ఇచ్చాడు. దాని మీద దుకాణం పేరు లేదు, యంత్రం మీది సీరియల్ నంబరు లేదు.

రాత్రి తొమ్మిదికి టీవీకి తగిలించాను. తమ్ముడు అప్పటికే హెడ్‌సెట్ పెట్టుకుని అటువైపు సిద్ధంగా ఉన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టి, వాడు చెబుతుంటే నేను నొక్కుతున్నాను. వైఫై కలిసింది. ఖాతా వివరాలు కొట్టాను. ఈ పీఎస్4ను నెట్‌వర్క్ వాడకుండా నిషేధించినట్టు తెర మీద వచ్చింది. అంకెలేవో తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ చేశాను. మళ్లీ అదే. కొత్త ఖాతా తెరవమన్నాడు తమ్ముడు. అదీ అంతే. అప్పుడు వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అన్నయ్యా, ఖాతా మీద కాదు, యంత్రం మీదే వేశారు. ఎవరి పేరుతో వెళ్లినా రానివ్వదు” అన్నాడు. అంతకుముందు వాడుకున్నవాడెవడో నిబంధనలు మీరి ఏదో చేసి ఉంటాడు, శిక్ష ఆ యంత్రానికి అతుక్కుని ఉండిపోయింది. విప్పి మరమ్మతు చేసుకోవడానికి అది చెడిపోయిన భాగం కాదు.

ఇవాళ పొద్దున మొదటి బస్సుకే బయలుదేరాను. వారధి దాటుతున్నంతసేపూ నాకు నేను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాను. ఆయనకూ తెలిసి ఉండదు, ఎవరో ఆయనకు అంటగట్టి ఉంటారు, మర్యాదగా చెబితే మార్చి ఇస్తాడు అని. నిజంగా అలాగే నమ్మి మెట్లెక్కాను.

ఓనరు లోపల ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. బయట పనిచేసే కుర్రాడొక్కడే ఉన్నాడు, పదిహేడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. నేను సంచిలోంచి పీఎస్4 తీసి బల్ల మీద పెట్టాను. ఇంకా ఒక్క మాట కూడా అనలేదు. వాడు దాన్ని పక్కకు తిప్పి చూశాడు. డిస్కు పెట్టే సందు కింద గోరంత గీత ఉంది, దాని మీద వేలు పెట్టి, లోపలికి తిరిగి కేక వేశాడు: “అన్నా, ఇది మళ్లీ వచ్చింది.”

మళ్లీ.

ఆ ఒక్క మాటతో నాకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. అంటే నాకంటే ముందు ఇంకొకరెవరో ఇలాగే సంచిలో పెట్టుకుని ఈ మెట్లెక్కారు. ఇలాగే ఈ బల్ల మీద పెట్టారు. వారి దగ్గర తీసుకుని, తుడిచి, అరలో పెట్టి, నేను రాగానే నాకు చూపించారు. నెట్ పోయిందన్నది అబద్ధం. నా డేటా మీద చూపించిన శ్రద్ధ అబద్ధం. కుర్రాడికి తను ఏమన్నాడో అప్పటికి అర్థమైంది, తల దించుకుని బుట్టలో కంట్రోలర్లు సర్దడం మొదలుపెట్టాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఆ దుకాణంలో నాకు నిజం చెప్పినవాడు వాడొక్కడే.

ఓనరు బయటికి వచ్చాడు. నిన్న నేను “సార్”ని, “మీరు”ని. ఇవాళ “నువ్వు” అయ్యాను. “నువ్వే ఏదో చేసి ఉంటావు, ఇక్కడ నడిచింది కదా” అన్నాడు. ఒక్క రాత్రిలో, ఒక్కసారి కూడా నెట్‌వర్క్‌లోకి వెళ్లకుండా, నేను ఏం చేయగలను? అది అడిగితే జవాబు లేదు. కుర్రాడి మాట గుర్తు చేస్తే, “వాడికేం తెలుసు” అన్నాడు. అప్పుడు అక్కడికి తండ్రీ కొడుకులు ఎవరో వచ్చారు. వారి ముందే నవ్వుతూ, “ఇంత వయసొచ్చి ఈ తుపాకుల ఆటలేమిటి? ఇంట్లో పిల్లలుంటే ఇచ్చెయ్యి, నెట్ లేకుండా ఆడుకునేవి బోలెడున్నాయి” అన్నాడు. నా డబ్బు తిన్నవాడు నాకు వయసు గుర్తు చేశాడు. నాకు ముప్పై ఒకటి. నా తమ్ముడితో ఎలా గడపాలో వీడు చెబుతాడా?

గొంతు పెంచాను. అప్పుడు దిగివచ్చి, “సరే, 6,000కు వెనక్కి తీసుకుంటాను, ఇష్టమైతే ఇచ్చి వెళ్లు” అన్నాడు. ఇవ్వలేదు. ఇస్తే వచ్చే శనివారం అది ఇంకెవరి సంచిలోనో ఉంటుంది, ఆదివారం ఆ కుర్రాడు మళ్లీ అదే కేక వేస్తాడు. మెట్లు దిగేటప్పుడు ఆ తండ్రిని ఆపి, కొనేముందు నెట్‌కు కలిపి చూడమని చెప్పాను. విన్నారో లేదో తెలియదు.

కొనేవారికి చెప్పేది ఇంతే. పాత యంత్రం ఏదైనా దుకాణంలోనే, మీ ఫోను హాట్‌స్పాట్‌తో, మీ సొంత ఖాతాతో లోపలికి వెళ్లి చూడండి. అప్‌డేట్ అడిగితే అడగనివ్వండి, డేటా పోతే పోనివ్వండి. కలపనివ్వకపోతే లేచి వచ్చేయండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. మా కొట్టుకు వచ్చే లాయరుగారిని సాయంత్రం అడిగాను. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతులేనట. వెనక్కి తీసుకునే గడువు బిల్లులో రాయకపోతే 30 రోజులు లెక్క. కొన్నది విజయవాడలో అయినా నేను ఉండే గుంటూరులోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. యూపీఐ చెల్లింపు వివరాలు తీసి పెట్టుకున్నాను. రేపు పొద్దున ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తున్నాను.

ఇంకొక్క మాట. ఇదే పీఎస్4ను నాకంటే ముందు కొని, తిరిగి ఇచ్చినవారు ఒకరు ఉన్నారు. నల్లది, డిస్కు పెట్టే సందు కింద గోరంత గీత, వెనక వైపు స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటుంది. అది మీదే అయితే దయచేసి నాకు రాయండి. మీకు ఎంత ఇచ్చి వెనక్కి తీసుకున్నాడో చెప్పండి, మీ దగ్గర ఏ కాగితం ఉన్నా దాచండి. యంత్రం నా దగ్గరే ఉంది, ఎవరికీ అమ్మను. ఇద్దరం కలిసి ఫిర్యాదు చేద్దాం.