ఎయిర్ డ్రయ్యర్ కింద గాలి కారుతుంటే రిపేర్ కిట్టు సరిపోతుందా

టాటా, లేలాండ్ లారీలకూ టిప్పర్లకూ బ్రేకుల గాలిలోని తేమను తీసేసే ఒంటి డబ్బా ఎయిర్ డ్రయ్యర్ ఉంటుంది. దానికి కంపెనీ రిపేర్ కిట్టు కొనడం లాభసాటి పనే. కొత్త డ్రయ్యర్ ఖరీదు ముందు దీని ధర చాలా తక్కువ. చేయి తిరిగిన మెకానిక్‌కు ఒక పూట పని. కాకపోతే కిట్టు బాగుచేసేది రబ్బరు అరిగి వచ్చిన లీకును మాత్రమే. అల్యూమినియం బాడీ లోపల గీతపడినా, కంప్రెసర్ ఆయిల్ కొడుతున్నా కొత్త రబ్బర్లు ఎన్నాళ్ళో నిలవవు. అందుకే షాపుకు వెళ్ళే ముందే లీకు ఎక్కడిదో తేల్చుకోవాలి.

కింద ఎగ్జాస్టులోంచి గాలి వచ్చినంత మాత్రాన అది లీకు కాదు. ట్యాంకుల్లో గాలి చాలినంత నిండి గేజీ కటాఫ్ ఒత్తిడికి చేరగానే పర్జ్ వాల్వు (తేమను బయటికి వదిలే వాల్వు) తెరుచుకుని బుస్సుమంటుంది. బండిని బట్టి ఆ కటాఫ్ 8 నుంచి 10 బార్ల మధ్య ఉంటుంది. తర్వాత కొన్ని సెకన్లపాటు, ఒక్కోసారి అరనిమిషం దాకా, సన్నగా గాలి వస్తుంది. కాట్రిడ్జి (తేమ పీల్చే గుళికల డబ్బా) పట్టి ఉంచిన తేమను పొడిగాలి బయటికి తోసేది అప్పుడే. ఆ తర్వాత మాత్రం ఆగిపోవాలి. ఆగకుండా వస్తూ, గేజీ ముల్లు కూడా దిగుతూ ఉంటే ముందుగా అనుమానించాల్సింది నాన్ రిటర్న్ వాల్వును (గాలిని వెనక్కి రానివ్వని వాల్వు). ట్యాంకుల్లోని గాలి దాన్ని దాటి డ్రయ్యర్‌లోకి వెనక్కి వస్తోందన్నమాట. ఇలాంటి బండిలో కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు. బ్రేకు తొక్కకపోయినా డ్రయ్యర్ మాటిమాటికీ బుస్సుమంటూనే ఉంటుంది.

కటాఫ్ రాకముందే, గాలి ఎక్కుతుండగానే కింద నుంచి పోతుంటే పర్జ్ వాల్వు సీటు మీద సరిగా కూర్చోవడం లేదు. ఇక్కడ ఒక పరీక్ష బాగా పనికొస్తుంది. గేజీ 7 బార్లకు రాగానే, కటాఫ్‌కు ముందే, ఇంజిన్ ఆపేయండి. ఎగ్జాస్టు గాలి కాసేపటికి దానంతటదే ఆగి, గేజీ నిలబడితే తప్పు పర్జ్ వాల్వు ఒక్కదానిదే. డబ్బాలో మిగిలిన గాలి అయిపోయింది కాబట్టి ఆగింది. ఆగకుండా గేజీ పడిపోతూ ఉంటే నాన్ రిటర్న్ వాల్వు కూడా పోయి ఉండాలి, లేదా గవర్నర్ (కటాఫ్‌ను నిర్ణయించే భాగం) లోపలి సీలు కారుతూ ఉండాలి. ఈ ఐదు నిమిషాల పరీక్ష చేయకుండానే ఆటోనగర్‌లో ఎన్నో డ్రయ్యర్లు పాతసామాను కొట్టుకు చేరుతున్నాయి. గవర్నర్ స్క్రూ తిప్పి లీకు ఆపాలని చూడడం మరీ ప్రమాదం. దానితో కటాఫ్ మారుతుంది తప్ప లీకు తగ్గదు.

చాలా మోడళ్ళకు పర్జ్ వాల్వు, గవర్నర్, నాన్ రిటర్న్ వాల్వుల కిట్లు వేర్వేరుగా దొరుకుతాయి. డ్రయ్యర్లు తయారుచేసే వాబ్‌కో కంపెనీని 2020లో జెడ్‌ఎఫ్ కొనేసింది కాబట్టి అట్ట మీది పేరు చూసి తికమక పడకండి, డ్రయ్యర్ ప్లేటు మీది నంబరు చెప్పి అడగండి. కిట్టు విప్పి రబ్బరు అంచును వేలితో తడిమి చూడండి. అచ్చు గీత గరుకుగా తగిలితే తిరిగి ఇచ్చేయండి, అది సీటు మీద గాలిని ఆపలేదు. చౌకరకం కిట్లలో గ్రీజు ప్యాకెట్ ఉండదు. అక్కడే చాలామంది చాసిస్ గ్రీజు పూస్తారు. దానికి రబ్బరు ఉబ్బి పిస్టన్ పట్టేస్తుంది. పల్చగా సిలికాన్ గ్రీజే పూయాలి.

పని మొదలుపెట్టే ముందు బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ట్యాంకులన్నిటి డ్రెయిన్లు తెరిచి గేజీ సున్నాకు వచ్చేదాకా గాలి వదలాలి. డ్రయ్యర్ బయట ఉన్న మట్టిని ముందే కడగండి, లేకపోతే అదే లోపలికి పోతుంది. ఎగ్జాస్టు సైలెన్సర్ తీశాక సర్క్లిప్ (గాడిలో బిగుసుకునే లోహపు వలయం) కనిపిస్తుంది. దాని వెనక స్ప్రింగు ఒత్తిడి ఉంటుంది కాబట్టి మూతను లోపలికి నొక్కి పట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకునే క్లిప్పు తీయండి. భాగాలు వచ్చిన వరుసలో ఫొటో తీసుకుంటే పెదవిలాంటి అంచున్న సీలు ఏ వైపు చూడాలో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. తిరగేసి పెట్టిన సీలే రిపేరు తర్వాత మళ్ళీ లీకు రావడానికి ముఖ్య కారణం. పాత ఓ-రింగులను స్క్రూడ్రైవర్‌తో పెరికితే గాడి గీసుకుపోతుంది, మొనలేని ప్లాస్టిక్ పుల్లతో తీయాలి. లోహపు భాగాలను కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, రబ్బరుకు మాత్రం అది తగలకూడదు. సీటు మీద గోరు ఆనించి చూడండి. గోరు తట్టుకునేంత గీత ఉంటే అక్కడితో ఆపి బాడీ మార్చడమే మేలు.

కిట్టు వేసేటప్పుడే కాట్రిడ్జి కూడా మార్చేయండి. మామూలు వాడకంలో అది ఏడాది నుంచి రెండేళ్ళు వస్తుంది. మరలు పాతదానితో సరిపోలాయో చూసుకుని, సీలుకు పల్చగా గ్రీజు రాసి, చేత్తోనే బిగించాలి. సుమారు 15 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పైపు రెంచి పెడితే వచ్చేసారి డబ్బా చితికిపోతుంది తప్ప ఊడదు.

విప్పినప్పుడు లోపల కనిపించే మురికి చాలా సంగతులు చెబుతుంది. తెల్లటి పొడి రాలితే గుళికలు నలిగిపోయాయి, ఆ పొడే వాల్వు సీటు మీద చేరి లీకు తెస్తుంది. మీగడలాంటి తెలుపు కనిపిస్తే నీళ్ళూ ఆయిలూ కలిశాయి. నల్లగా జిగురుగా ఉంటే కంప్రెసర్ రింగులు ఆయిల్ వదులుతున్నాయి. అలాంటప్పుడు ముందు కంప్రెసర్ సంగతి చూసి, డెలివరీ పైపులో పేరుకున్న మసి తీసేయాలి. డ్రయ్యర్‌లోకి వచ్చే గాలి సుమారు 65 డిగ్రీలు దాటకూడదు. అంతకన్నా వేడిగా వస్తే నీరు ఆవిరిగానే లోపలికి దూరిపోతుంది. ఆయిల్ పట్టే రకం కాట్రిడ్జిలు కూడా ఉన్నాయి, ఇంజిన్ పాతబడిన బండికి కొంచెం ఎక్కువ పెట్టి అవే వేయించడం మంచిది. చలి బెడద ఉన్న కశ్మీర్ దారిలో తిరిగే లారీలకు డ్రయ్యర్‌లో నీరు గడ్డకట్టకుండా చూసే హీటరు వైరు తగిలించి ఉందో లేదో చూడండి, మన ఎండల్లో దాని అవసరం పడదు.

బిగించాక గాలి ఎక్కించి కటాఫ్ దాటనిచ్చి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాక సర్క్లిప్ చుట్టూ, కాట్రిడ్జి అంచున, పైపు జాయింట్ల దగ్గర సబ్బునీళ్ళు పోయండి. ఇంజిన్ ఆపి పది నిమిషాల తర్వాత గేజీ ముల్లు దిగిందేమో చూడండి. వారం తర్వాత ట్యాంకుల డ్రెయిన్లు లాగితే పొడిగాలి తప్ప ఇంకేమీ రాకూడదు. నీళ్ళు వస్తే కాట్రిడ్జి పనిచేయడం లేదు, లేదా రీజెనరేషన్ ట్యాంకు (కాట్రిడ్జిని ఆరబెట్టే పొడిగాలి ఉండే చిన్న ట్యాంకు) ఉన్న బండి అయితే దాని పైపు మూసుకుపోయి ఉంటుంది.