బరంపురంలో అమెరికా కాలేజీ ఫారాలు నింపే సెంటరు: ఒక్క గడి దగ్గరే తేడా

మార్కుల మెమోలు స్కాన్ చేయడం, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో స్పెల్లింగు సరిచూడటం, ఈ రెండింట్లో వీళ్లకు వంక పెట్టలేం. చిక్కంతా "మీరు హిస్పానిక్ లేదా లాటినోనా?" అనే గడి దగ్గరే. స్పానిష్ కోర్సు చేసిన పిల్లలకు "అవును" అని టిక్కు పెట్టేస్తున్నారు!

1997 నాటి అమెరికా ప్రభుత్వ నిర్వచనంలో క్యూబా, మెక్సికో, ప్యూర్టోరికో, దక్షిణ, మధ్య అమెరికా లేదా ఇతర స్పానిష్ సంస్కృతి, మూలం ఉన్నవాళ్లే హిస్పానిక్. ఏ జాతివాళ్లైనా కావచ్చు, స్పానిష్ రావాలన్న షరతూ లేదు. తరతరాలుగా బరంపురంలో ఉండి ఒడియా గడగడా మాట్లాడినా తెలుగు ఇల్లు తెలుగు ఇల్లే కదా, ఇదీ అంతే. మెక్సికో అమ్మాయిని చేసుకున్న మన కుర్రాడు "కాదు" అనే పెట్టాలి. వాళ్ల పిల్లలు మాత్రం తల్లి తరఫున "అవును" అనొచ్చు.

అమెరికా జనగణనలో రుజువులు అడగరు, ఎవరికి వారు చెప్పుకున్నదే లెక్క. కాలేజీ ఫారంలో మాత్రం రాసిందంతా నిజమని సంతకం చేస్తాం. పైగా అడ్మిషన్లలో జాతిని చూసి సీటు ఇవ్వకూడదని 2023 జూన్‌లో వచ్చిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఈ టిక్కుతో సీటు రాదు. చాలా అమెరికా కాలేజీలకు ఒకే ఫారంతో దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు కామన్ యాప్‌లో ఈ ప్రశ్నను ఖాళీగా వదిలేయొచ్చు కూడా.

పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి. సబ్మిట్ కొట్టకముందే ప్రొఫైల్‌లో డెమోగ్రాఫిక్స్ భాగం మీరే తెరిచి చదవండి.