డాసన్‌లో డబ్బు కట్టి బంగారం గాలించకండి

కెనడాలోని యూకాన్ ప్రాంతానికి, అందులోనూ క్లాండైక్ నది యూకాన్ నదిలో కలిసే చోట ఉన్న డాసన్ సిటీకి వెళ్లదలచినవారు బస విషయంలోనూ, బంగారం సరదా విషయంలోనూ జాగ్రత్తపడకపోతే జేబుకు చిల్లు తప్పదు. యూకాన్ రాజధాని వైట్‌హార్స్ నుంచి దాదాపు 530 కిలోమీటర్ల కారు ప్రయాణం హాయిగా సాగింది.

చికాకంతా లాడ్జిలో మొదలైంది. రాత్రికి 238 డాలర్లు, పన్నులు అదనం. నేల ఎంత వాలుగా ఉన్నదంటే, చేతిలోంచి జారిపడిన నీళ్ల సీసా దొర్లుకుంటూ వెళ్లి ఎదుటి గోడ దగ్గర ఆగింది. అడిగితే, కింద మట్టి కరుగుతుంటే మేమేం చేస్తామన్నారు. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే ఇక్కడి నేల వెచ్చని కట్టడం కింద కరిగి కుంగుతుందన్నది నిజమే. కానీ జూన్‌లో అర్ధరాత్రి దాటితే గాని పొద్దుగుంకని ఊళ్లో కిటికీలకు పల్చటి తెరలు కట్టడానికి ఆ మట్టి కారణం కాదు కదా! మా ఆవిడ కళ్లకు చున్నీ చుట్టుకుని పడుకుంది. బావమరిది మర్నాడు కాఫీ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రోజే రెండో దెబ్బ తగిలింది. "బంగారం ఖాయం" అన్న బోర్డు చూసి, మనిషికి 25 డాలర్ల చొప్పున కట్టి తలా ఒక పళ్లెం ఇసుక తీసుకున్నాం. బియ్యంలో రాళ్లు గాలించే చేయి కనుక మా ఆవిడకు చప్పున మూడు రేణువులు మెరిశాయి. నాకూ మూడే, బావమరిదికీ మూడే. ముందే లెక్కపెట్టి కలిపిన బంగారాన్ని తిరిగి ఏరుకోవడానికి 75 డాలర్లు పోశామన్నమాట.

అసలైన చోటు అక్కడికి దగ్గరలోనే ఉన్న బొనాంజా వాగు. 1896 ఆగస్టులో స్కూకం జిమ్, డాసన్ చార్లీ, జార్జి కార్మాక్ బృందానికి బంగారం దొరికింది ఆ వాగులోనే. మంచుయుగపు హిమానీనదాలు ఈ లోయలను కప్పి ఊడ్చుకుపోలేదు కనుక, లక్షల ఏళ్లుగా కొండల నుంచి కొట్టుకువచ్చిన బంగారం వాగుల అడుగున గులకరాళ్ల మధ్యే నిలిచిపోయింది. వార్త విని బయలుదేరిన లక్షమందిలో చాలామంది ఏడాదికి సరిపడా తిండి సామాను, దాదాపు ఒక టన్ను బరువు, కనుమల మీదుగా మోసుకుని 1898లో ఇక్కడికి చేరేసరికి మంచి వాగులన్నీ ఎప్పుడో పంచుకోవడమైపోయింది. వాళ్ల నష్టం ముందు మా 75 డాలర్లు ఏపాటి? ఆ వాగు మీదే ఆరో నంబరు క్లెయిమ్‌లో, అంటే బంగారం తవ్వుకోవడానికి హద్దులు వేసి ఇచ్చిన ముక్కలో, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా గాలించుకోవచ్చు. పళ్లెం మాత్రం మనమే తీసుకువెళ్లాలి. మాకు అక్కడ నల్ల ఇసుక తప్ప ఏమీ దొరకలేదు, అయినా బావమరిది ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

ఆ దారిలోనే ఉన్న నాలుగో నంబరు డ్రెడ్జ్‌ను మాత్రం తప్పక చూడాలి. 1912లో కట్టి, 1959 దాకా వాగును తవ్విపోసిన ఎనిమిది అంతస్తుల ఎత్తు చెక్క పడవ అది. గొలుసుకు వరుసగా బిగించిన ఇనుప తొట్లలో ఒకదాని పక్కన నిలబడితే చాలు, పారతో తవ్వేవాడి కాలం ఎందుకు ముగిసిందో అర్థమవుతుంది. అది కక్కిన గులకరాళ్ల దిబ్బలు లోయ పొడవునా వంకరటింకరగా ఇంకా అలాగే ఉన్నాయి.

బసకు నా సలహా వేరు. గుడారం ఉంటే లాడ్జి జోలికి పోకుండా, డబ్బు తీసుకోని ఫెర్రీ ఎక్కి యూకాన్ నది ఆవలి ఒడ్డున ఉన్న ప్రభుత్వ క్యాంపు మైదానంలో దిగండి. వంటచెరకు కూడా వాళ్లే ఇస్తారు.