విండోస్, మ్యాక్, లినక్స్ ఒకే ఇంట్లో ఉంటే బ్యాకప్‌కు ఏది మేలు?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో లెక్కలకు విండోస్, ఫొటోలకు మ్యాక్, అబ్బాయి చదువుకు ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉన్నాయి. మూడింటికీ ఉన్నది 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒక్కటే కనుక, దానిని ఏ పద్ధతిలో వాడాలో తేల్చుకోవలసి వచ్చింది.

డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో ఒకటి) ఫార్మాట్ చేసి ఫైళ్లను నేరుగా కాపీ చేసుకోవడం అన్నిటికన్నా సులువు. అలాంటిదే మరో పద్ధతి, ఫ్యాట్32లో 4 జీబీ ఫైలు పట్టదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును మ్యాక్ తనంతట తాను చదువుతుందే తప్ప అందులో రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఈ చిక్కులు లేవు, లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోకి కూడా అది 2019లో 5.4 వెర్షన్‌తో వచ్చేసింది. అయితే లినక్స్ ఫైళ్ల అనుమతులు, సింబాలిక్ లింకులు (మరో ఫైలు ఎక్కడుందో చూపే గుర్తులు) అందులో నిలవవు. అంతకన్నా పెద్ద లోపం, నిన్న పొరపాటున పాడుచేసుకున్న ఫైలును ఈరోజు పాతదాని మీదే కాపీ చేస్తే, మంచి ప్రతి కూడా పోతుంది.

ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమ్ సొంత పనిముట్టును వాడడం రెండో దారి. 2007లో వచ్చిన మ్యాక్ సొంత పనిముట్టు టైమ్ మెషీన్ గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందుకాలానికి వారానికొకటి చొప్పున ప్రతులు ఉంచుతుంది. మొత్తం మ్యాక్‌ను యథాతథంగా తిరిగి నిలబెట్టడంలో దానికి సాటి లేదు. కానీ అది తనకంటూ వేరే పార్టిషన్ (డిస్కులో విడిగా కేటాయించిన భాగం) కోరుతుంది, దానిని విండోస్ నేరుగా తెరవలేదు. అంటే మ్యాక్ చెడిపోయిన రోజున ఫొటోలు చేతిలోనే ఉన్నా చూసుకోలేము.

లినక్స్ వాడేవారు మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేసే ఆర్‌సింక్ చాలంటారు. మా పాత మ్యాక్‌తో నేను అదీ చేశాను, కానీ తెలుగు పేర్ల దగ్గర చిక్కు వచ్చింది. 'వై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పద్ధతి) ఒకే గుర్తుగానైనా, ఎత్వం, దాని కింది కొక్కెం అనే రెండు ముక్కలుగానైనా రాయవచ్చు. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే డిస్క్ పద్ధతి వాడే పాత మ్యాక్‌లు ఫైలు పేరును ముక్కలు చేసి దాచుకుంటాయి, లినక్స్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుతుంది. ఫలితంగా కంటికి తేడా తెలియని 'వైజాగ్ ఫొటోలు' ఫోల్డర్లు రెండు పక్కపక్కన వెలిశాయి! (ఆర్‌సింక్‌లో దీనికి 'ఐకాన్వ్' అనే ఆప్షన్ ఉందని తరువాత తెలిసింది.)

నా మొగ్గు రెస్టిక్ వైపు. ఈ ఉచిత బ్యాకప్ ప్రోగ్రామ్ మూడు సిస్టమ్‌లలోనూ ఒకేలా నడుస్తుంది. అనుమతులను, లింకులను తన నిల్వలోపలే రాసుకుంటుంది కనుక డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ అయినా ఇబ్బంది లేదు. ఒకే ఫొటో మూడు కంప్యూటర్లలో ఉన్నా ఒక్కసారే దాస్తుంది. పాత స్నాప్‌షాట్లను (ఒక్కో బ్యాకప్ నాటి ప్రతులను) మనం తీసేసేదాకా ఉంచుతుంది. దీనికి కమాండ్లు టైపు చేయక తప్పదు, పాస్‌వర్డ్ మరిచిపోతే డేటా మీద ఆశ వదులుకోవలసిందే. కంప్యూటర్ చెడిపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాత్రం మళ్లీ మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇంట్లో మ్యాక్ ఒక్కటే ఉన్నవారికి ఇదంతా అనవసరం, టైమ్ మెషీన్ చాలు. కమాండ్లంటే జంకేవారు ఎక్స్‌ఫ్యాట్‌లోనే నెలకొక కొత్త ఫోల్డర్ పెట్టుకోవడం నయం.

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపానును చూసినవారికి ఏకైక ప్రతిని ఈ ఊళ్లోనే ఉంచుకోవడం మనస్కరించదు. రెస్టిక్ నిల్వ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలో) ఉంటుంది కనుక, దాని నకలును మరో డిస్కులోకి ఎక్కించి హైదరాబాదులోని తమ్ముడి బీరువాలో పెట్టాను. పాస్‌వర్డ్ కాగితం మాత్రం ఇక్కడ మా ఆవిడ దగ్గర ఉంది.