లేజర్‌తో కోసిన ఇటుక గోడలు: నాలుగేళ్ళ తరువాత మూలల సంగతి

మా బేస్‌మెంట్‌లోని మోడల్ రైల్వేలో ఒక గూడ్స్ షెడ్డు ఉంది. లేజర్‌తో కోసిన ఇటుక గోడల కిట్‌తో, అంటే విడి ముక్కలుగా వచ్చే సామానుతో, నేనే అతికించి కట్టినది. దానికి నాలుగు మూలలు; వాటిలో మూడు నాకు ఈనాటికీ గర్వకారణాలే. నాలుగో మూల మీద మాత్రం ఒక వాన నీటి గొట్టం కనిపిస్తుంది. ఆ గొట్టం కిట్‌తో వచ్చినది కాదు. లేజర్‌తో కోసిన ఇటుక కట్టడాల మంచీ చెడూ మూలల దగ్గరే బయటపడతాయని ఈ నాలుగేళ్ళలో నాకు నమ్మకం కుదిరింది కనుక, ఆ గొట్టం అక్కడికి ఎలా వచ్చిందో కొంత వివరంగానే చెబుతాను.

నా లేఅవుట్, అంటే పట్టాలూ కట్టడాలూ కలిసిన ఈ నమూనా, హెచ్.ఓ. కొలతలో, అంటే అసలులో 87వ వంతుగా (1:87), అమెరికాలోని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ ఆవిరి ఇంజన్లను 1957లో పూర్తిగా మానుకోవడానికి కొద్ది సంవత్సరాల ముందరి కాలాన్ని చూపిస్తుంది. అంతకు ముందు నేను కట్టినవన్నీ ప్లాస్టిక్ కిట్లు. వాటిలో గోడల అంచులు ఏటవాలుగా ఉంటాయి. రెండు గోడలను 45 డిగ్రీల దగ్గర కలిపి అంటిస్తే మూల వస్తుంది. ఎంత ఆకురాయి పట్టినా, ఎంత పుట్టీ నింపినా, ఆ మూలన పైనుంచి కిందికి గీత గీసినట్లు అతుకు తెలిసిపోతూ ఉండేది. ఇటుకలు ఒక గోడ నుంచి మరో గోడకు మలుపు తిరుగుతున్నట్లు ఉండేది కాదు.

ఈ కిట్‌లో గోడల అంచులను ఇటుక వరసల ప్రకారమే పళ్ళుగా కోశారు. ఒక వరసలో ముందు గోడ పన్ను బయటికి వస్తే, తరువాతి వరసలో పక్క గోడ పన్ను వస్తుంది. రెండు చేతుల వేళ్ళు పెనవేసినట్లు గోడలు ఒకదానిలోకి ఒకటి దిగుతాయి. అమెరికా ఇటుక పొడవు 8 అంగుళాలు, సిమెంటు సందులతో సహా మూడు వరసల ఎత్తు మరో 8 అంగుళాలు; 1:87 దగ్గర అది 2.3 మిల్లీమీటర్ల ఇటుకగా, 0.78 మిల్లీమీటర్ల వరసగా మారుతుంది. అసలు కొలతలో పదహారడుగుల ఎత్తు గోడ కనుక ఒక్కో మూలకు 72 వరసలు. మొదటిసారి ఆ 72 వరసలూ జిగురు లేకుండానే ఒకదానిలో ఒకటి కూర్చున్నప్పుడు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. ఆ రోజుల్లో నన్ను అడిగిన ప్రతివారికీ, ఇక ఆకురాయితో పనే లేదని, ప్లాస్టిక్ గోడలను మరిచిపోవచ్చని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

లోపం ఆ పళ్ళలో లేదు, పళ్ళు కోసిన పలకలో ఉంది. గోడలు 1.6 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. పలకలు, అంటే చెక్క పీచును జిగురుతో అదిమిన అట్ట వంటివి. కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో గోడలను అతికించక ముందే బయటివైపు రంగు వేయమని ఉంది. నేను అలాగే వేశాను. రంగు ఆరిన తరువాత, గోడల చిల్లులు పూడ్చే తేలికపాటి స్పాకిల్‌ను నీళ్ళతో పలుచన చేసి ఇటుకల మీద రుద్ది, తడి గుడ్డతో పైపైన తుడిచాను. సందుల్లో మాత్రం తెల్లగా నిలిచిపోయి, నిజంగా తాపీ మేస్త్రి సందులు పూడ్చినట్లే వచ్చింది. లేజర్ చెక్కిన సందులకు ప్లాస్టిక్‌లో లేని గరుకుదనం ఉంటుంది కాబట్టి ఈ పని ఇంత బాగా కుదురుతుంది. ఈ ఒక్క ప్రశంసలో నేను ఈనాటికీ ఒక అక్షరం కూడా మార్చను. అయితే గోడ లోపలివైపు ఏం చేయాలో ఆ కాగితంలో ఒక్క వాక్యం కూడా లేదు. నేనూ ఆలోచించలేదు. ఎవరికీ కనబడని వైపుకు రంగు ఎందుకని వదిలేశాను.

రెండో వేసవిలో ఐదు వారాల పాటు విజయవాడ వెళ్ళాం. బేస్‌మెంట్‌లో తేమను లాగే యంత్రం ఉంది కానీ, దాని తొట్టి నిండితే అదంతట అదే ఆగిపోతుంది. మేము బయలుదేరిన రెండు మూడు రోజులకే నిండి ఉంటుంది. తిరిగి వచ్చి దీపం వేసి చూసేసరికి, షెడ్డు ముందు గోడ అప్పడంలా వంగి ఉంది. రంగు లేని లోపలివైపు నెల రోజుల తేమను పీల్చి ఉబ్బింది. రంగు పూత ఉన్న బయటివైపు అంతగా సాగలేదు. దాంతో గోడ నడుమ భాగం లోనికి పోయి, అంచులు బయటికి లేచాయి. మూడు మూలలు ఆ లాగుడును తట్టుకున్నాయి. నాలుగోది పైన సగం మేర విడిపోయింది. పళ్ళ పక్కలు లేజర్ వేడికి మాడి నల్లగా ఉంటాయి కనుక, ఒక మిల్లీమీటరు కూడా లేని ఆ చీలిక ఎర్ర గోడ మీద కాటుక రేఖలా గదికి అవతలి నుంచే కనిపించింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి మూడు మూలలనూ వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో అతికించి, ఒక్కొక్కదాన్నీ రాత్రంతా బిగించి ఉంచాను. నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి ఓపిక నశించి, క్షణంలో పట్టే జిగురు వాడాను. అది గట్టిదే గాని పెళుసు. గోడ కదిలితే తానూ కొంచెం సాగి సర్దుకునే గుణం దానికి లేదు.

బాగు చేయడానికి మూడు వారాంతాలు పట్టింది. కప్పును అతికించకుండా ఊరికే పెట్టి ఉండటం నా అదృష్టం. సన్నని బ్లేడును పళ్ళ మధ్య జొనిపి మూలను పూర్తిగా విడదీయబోతే తొమ్మిది పళ్ళు విరిగాయి. యంత్రం మళ్ళీ నడిచి గది పొడిబారాక గోడ చాలావరకు తనంతట తానే సాపయింది. అప్పుడు లోపలివైపు రెండు పూతలు లక్క వార్నిష్ వేసి, గోడ పొడవునా బాస్‌వుడ్ అనే తేలికపాటి కర్రతో చేసిన ఆరు మిల్లీమీటర్ల చదరపు పుల్లలను ఊతంగా అతికించి, మూలను తెల్ల జిగురుతో కలిపి, సమకోణంగా ఉన్న ఇనుప దిమ్మల మధ్య ఒక రోజంతా ఉంచాను. విరిగిన పళ్ళ చోట స్పాకిల్ నింపి సూదితో ఇటుకలు గీశాను. దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరగా చూస్తే ఆ తొమ్మిది ఇటుకలూ నా చేతివేనని తెలుస్తుంది.

మరుసటి ఏడాది మా నాన్నగారు వచ్చారు. ఆయన రైల్వేలో ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్‌గా చేసి రిటైరయ్యారు. గోడ కనిపిస్తే మూల చూడకుండా ఉండలేరు. భూతద్దం అడిగి తెప్పించుకుని, చాలాసేపు చూసి, నేను దాచుకున్న అతుకును కాకుండా అసలు కిట్‌నే తప్పు పట్టారు. అమెరికాలో వాడుకలో ఉన్న కట్టుబడిలో ఐదు వరసలు ఇటుకలను పొడవుగా పరిచి, ఆరో వరసలో తలలు, అంటే ఇటుకల పొట్టి కొసలు, బయటికి కనిపించేలా అడ్డంగా పెడతారు. పొడుగు వరసల్లో మూల తిరిగిన ఇటుక రెండో వైపు తల చూపించాలి. ఈ కొలతలో తల వెడల్పు ఒక మిల్లీమీటరుకు కొంచెం పైన ఉంటుంది. పలక మందమేమో 1.6 మిల్లీమీటర్లు. అంటే అక్కడ కనిపించేది తల కాదు, సుమారుగా ముక్కాలు ఇటుక.

"ముక్కాలు ముక్క పెట్టాల్సింది తలల వరస మొదట్లోరా. వీడు వరస విడిచి వరసకి పెట్టుకుంటూ పోయాడు" అన్నారు.

అన్నాళ్ళుగా ఆ మూలలను మెచ్చుకుంటున్న నాకు ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఆ తరువాత తట్టని రోజు లేదు. నా నాలుగో మూల గురించి చెప్పినప్పుడు మాత్రం ఆయన నవ్వి, "మా రోజుల్లో మూల చెడితే వాన గొట్టం అక్కడే దింపించేవాళ్ళం" అన్నారు. ఒక మిల్లీమీటరు ఇత్తడి తీగను చూరు దగ్గర వంచి, నల్లరంగు వేసి, ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి దింపాం.

కాబట్టి ఈ కిట్ కొనవచ్చా అని అడిగితే నా సమాధానం మీ గదిని బట్టి ఉంటుంది. ఏడాది పొడవునా తేమ ఒకే తీరున ఉండే గది అయితే, గోడను రెండడుగుల దూరం నుంచి చూసే అలవాటు అయితే, ప్లాస్టిక్ కంటే దీనికే నా ఓటు. మా ఇంటి వంటి బేస్‌మెంట్ అయితే లోపలి పూత, ఊత పుల్లలు కిట్‌లో భాగమే అనుకుని, ఆ ఖర్చు, ఆ సమయం ముందే లెక్క వేసుకోవాలి. తాపీ పని తెలిసినవారు ఇంట్లో ఉంటే ఏం చేయాలో నేను చెప్పలేను.

అదే తయారీదారు నుంచి ఒక ఇంజన్ షెడ్డు కిట్ కూడా తెప్పించాను. గోడలకు రెండు వైపులా పూత వేయడం పూర్తయింది. మూలలు మాత్రం ఇంకా అతికించలేదు. ఈ వేసవి గడిచేదాకా పలకలను దిమ్మల కింద ఉంచి, వంగుతాయో లేదో చూస్తాను. ఇత్తడి తీగ ఇంకా మూరెడు మిగిలే ఉంది.