కొత్త పీసీలో ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే ‘బోర్డు పోయింది’ అన్న మాట వెంటనే నమ్మకండి

బి560 లేదా హెచ్510 మదర్‌బోర్డు మీద 10వ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్ కలిపి కాంబోగా ఇస్తామంటే కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మాకు ఐదు రోజులు, 2,900 రూపాయలు పోయాయి. దానికంటే బాధ ఏంటంటే, చేయని తప్పుకు మా తమ్ముడు నలుగురిలో మాట పడ్డాడు.

మాది ఖమ్మం. తమ్ముడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు కొత్త సిస్టమ్ ఉండాలని సికింద్రాబాద్ వెళ్లి ఒక షాపులో బి560 బోర్డు, ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్, వేగమైన రకం) తీసుకున్నాం. గ్రాఫిక్స్ కార్డు పాతదే ఉంది. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నారు. మేం బిల్లే కావాలన్నాం. ఆ రోజు చేసిన మంచి పని అదొక్కటే.

ఇంటికొచ్చి వాడే బిగించాడు. బోర్డు మీద ఇలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండున్నాయి. పైది ప్రాసెసర్ పక్కనే, దానికి హీట్‌సింక్ కూడా ఉంది. కిందది గ్రాఫిక్స్ కార్డు కింద, ఏ మూతా లేకుండా ఉంది. అందరూ చెప్పేది పై స్లాటే ఫాస్ట్ అని, అందుకే అందులో పెట్టాడు. హీట్‌సింక్ లోపలి ప్యాడ్‌కున్న నీలం ప్లాస్టిక్ పొర కూడా జాగ్రత్తగా గోటితో లాగి తీశాడు. ఆన్ చేస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్) ర్యామ్ కనిపిస్తోంది, ప్రాసెసర్ పేరు కనిపిస్తోంది, స్టోరేజ్ దగ్గర మాత్రం ఖాళీ. మూడుసార్లు తీసి పెట్టాడు. అదే ఖాళీ.

షాపుకు ఫోన్ చేస్తే ఎస్‌ఎస్‌డీ పోయుంటుంది, అన్నీ తీసుకుని రండి అన్నారు. తెల్లారి బండెక్కి మళ్లీ సికింద్రాబాద్. అక్కడ ఎస్‌ఎస్‌డీని వాళ్ల మిషన్‌లో పెడితే శుభ్రంగా 465 జీబీ చూపించింది (500 జీబీది విండోస్‌లో అంతే చూపిస్తుంది, అది లోపం కాదు). కౌంటర్‌లో ఆయన మా బోర్డు లైటు కిందకు ఎత్తి పట్టుకుని, “స్లాట్ పోయింది మేడమ్. మీవాడు పెట్టేటప్పుడు గట్టిగా నొక్కేశాడు. ఫిజికల్ డ్యామేజ్‌కి వారంటీ రాదు” అన్నాడు. కొత్త బోర్డు కొనండి, లేదంటే వైరుతో పెట్టుకునే సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి అన్నాడు. చుట్టూ జనం. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని “అక్కా, నేను గట్టిగా నొక్కలేదు” అన్నాడు. నాకేం అనాలో తెలియక 2,900 పెట్టి 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చాను. బండిలో ఖమ్మం దాకా వాడు మాట్లాడలేదు.

రాత్రి నిద్ర పట్టక బోర్డు మాన్యువల్ తీశాను. ఎం.2 స్లాట్ల పట్టికలో పై స్లాటు పక్కన చిన్న అక్షరాల్లో ఉంది: 11వ జనరేషన్ ప్రాసెసర్లకు మాత్రమే. మాది 10వది. వాణ్ని లేపి గ్రాఫిక్స్ కార్డు తీయించి, అదే ఎస్‌ఎస్‌డీని కింద స్లాటులో పెట్టించాను. బయోస్‌లో పేరు వచ్చేసింది. స్లాటు పోలేదు, బోర్డు పోలేదు, వాడి చేతిలో తప్పు లేదు.

కారణం ఏంటంటే, ఈ రెండు జనరేషన్ల ప్రాసెసర్లూ ఒకే ఎల్‌జీఏ 1200 సాకెట్‌లో కూర్చుంటాయి. కానీ 10వ దాంట్లో పీసీఐఈ లేన్లు (ప్రాసెసర్ నుంచి కార్డులకు, ఎస్‌ఎస్‌డీలకు డేటా వెళ్లే దారులు) 16, అవన్నీ గ్రాఫిక్స్ కార్డుకే పోతాయి. 11వ దాంట్లో 20. ఆ అదనపు నాలుగు లేన్లే పై ఎం.2 స్లాటుకు దారి. 10వ జనరేషన్ వేస్తే ఆ స్లాటుకు అసలు కనెక్షనే ఉండదు. కింద స్లాటు బోర్డు మీదుండే చిప్‌సెట్ అనే వేరే చిప్ నుంచి వస్తుంది కాబట్టి ఏ ప్రాసెసర్‌తోనైనా పనిచేస్తుంది. మాది పీసీఐఈ జెన్ 3 వేగం ఉన్న ఎస్‌ఎస్‌డీ, కింద స్లాటూ అంతే వేగానిది, కాబట్టి స్పీడు కూడా ఏమీ తగ్గలేదు.

ఐ3 కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఈ సాకెట్‌కు 11వ జనరేషన్ ఐ3 రాలేదు, ఐ5 నుంచే మొదలు. అంటే ఈ బోర్డుల మీద ఐ3-10100, ఐ3-10105 లాంటివి ఏవి వేసినా 10వ జనరేషన్ కిందే లెక్క. హెచ్510లో కొన్ని బోర్డులకు ఉన్నదే ఒక్క ఎం.2 స్లాటు, అదీ 11వ దానికే. అలాంటి బోర్డు మీద ఐ3 వేసి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కలిపి అమ్మితే, దాన్ని పెట్టడానికి మీకు చోటే లేదు. బోర్డు కంపెనీ సైట్‌లో మోడల్ పేరు కొట్టి స్పెసిఫికేషన్లలో స్టోరేజ్ భాగం చూడండి, ఒక్కో స్లాటు గురించి విడిగా రాసి ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు దాని బంగారు రంగు పళ్ల వైపు కూడా చూడండి. ఎం.2 అనేది ఆకారం పేరే. ఒక్క గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే చాలావరకు సాటా రకం (ఎం.2 ఆకారంలోనే ఉన్నా సాటా పద్ధతిలో నడిచేది). సాటా రకం చాలా స్లాట్లలో చక్కగా దూరుతుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ ఆ స్లాటు పీసీఐఈ మాత్రమే తీసుకునేదైతే ఎప్పటికీ కనిపించదు. గాట్లను బట్టే తేల్చేయకుండా డబ్బా మీద ఏం రాశారో చదవండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. ఉన్నట్టుండి పాత హార్డ్‌డిస్క్ మాయమైతే వైరు వేరే పోర్టుకు మార్చండి.

బయోస్‌లో కనిపించి విండోస్‌లో డ్రైవ్ అక్షరం రాకపోతే అది వేరే సంగతి. కొత్త డ్రైవ్‌ను డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనీషియలైజ్ చేసి వాల్యూమ్ తయారు చేయాలి. డేటా ఉన్న డ్రైవ్‌కు మాత్రం ఆ పని చేయకండి, ఉన్న ఫైళ్లు పోతాయి.

షాపులో ఆయనకు ఇది తెలియదా, తెలిసీ చెప్పలేదా అన్నది నాకు అనవసరం. రోజూ అవే బోర్డులు అమ్మే మనిషి, పక్కనే రెండో స్లాటు ఉంటే ఒక్కసారి పెట్టి చూడకుండా పిల్లాడి మీద నింద వేసి ఇంకో వస్తువు అంటగట్టాడు. ఫోన్ చేసి విషయం చెబితే, “సీల్ తీశారు కదా, రిటర్న్ లేదు” అని పెట్టేశాడు. బిల్లు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు.

మీరు కౌంటర్ దగ్గర ఉండగానే బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ మూడూ కలిపి ఆన్ చేయించండి. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు కనిపించాక ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని అప్పుడు డబ్బు కట్టండి. పది నిమిషాల పని. వాళ్లు కాదంటే పక్క షాపుకు వెళ్లండి.