కనజావా కెన్‌రొకుఎన్: మా నాన్న కదలనన్న తోట

మాది కడియపులంక, నర్సరీ మీద బతికే ఇల్లు. మొన్న నవంబరు చివర్లో టోక్యోలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు నాన్న అడిగింది ఒక్కటే, మంచి తోట చూపించమని. బుల్లెట్ రైలెక్కితే రెండున్నర గంటల్లో కనజావా. కెన్‌రొకుఎన్ ఊరి మధ్యలో, కోటను ఆనుకునే ఉంది. సుమారు 28 ఎకరాలు, టికెట్ 320 యెన్‌లు, మన డబ్బుల్లో రెండొందల లోపే.

చెరువు గట్టున కరసాకి పైన్ అని ఒక పెద్ద చెట్టుంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన మాయెదా వంశంలో 13వ ప్రభువు బివా సరస్సు దగ్గర్నుంచి విత్తనం తెప్పించి పెంచిందట. నీళ్ల మీదికి వాలిన కొమ్మలకి కింద ఊతకర్రలు, మధ్యలో ఎత్తయిన స్తంభం, దాని కొస నుంచి గొడుగు ఊచల్లా ఒక్కో కొమ్మకీ దిగిన తాళ్లు. మంచు బరువుకి కొమ్మలు విరగకుండా ఏటా ఇలా కడతారు, యుకిత్సురి అంటారు. నాన్న కంచె దగ్గర వంగి ఆ తాళ్లు పేనిన తీరే చూస్తున్నారు. "ఒరేయ్, ఇది వరిగడ్డిరా!" నిజమే, వరిగడ్డి తాళ్లే. గాలివానకి పడిపోకుండా గెల వేసిన అరటికి మేం వెదురు బొంగులు ఊతం పెడతాం కదా, ఆ పనే, కాకపోతే ఎంత ఓపికతో చేశారో!

తర్వాత ఫౌంటెన్. మోటారు ఎక్కడుందా అని నాన్న చుట్టూ వెతికారు. లేదు. పైనున్న చెరువుకీ దీనికీ ఉన్న ఎత్తు తేడాకే నీళ్లు ఎగజిమ్ముతాయి. ఈ తోటకి నీళ్లు తెచ్చే తత్సుమి కాలువని 1632లోనే తవ్వారు, అంటే ధవళేశ్వరం ఆనకట్టకి రెండొందల ఏళ్ల ముందు! కాలువ నీళ్లతోనే బతికే మాకు ఆ పల్లం లెక్క ఎంత గొప్పదో చెప్పక్కర్లేదు.

నాచు మీద ఒకావిడ గొంతుక్కూర్చుని చిన్న చీపురుతో రాలిన ఆకులు ఊడుస్తూ, కలుపు మొలకల్ని వేలి కొసలతో ఒక్కోటీ లాగుతోంది. మేం అరగంట తర్వాత తిరిగొచ్చేసరికి ఒక చాపంత మేర దాటింది, అంతే. నాన్న ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టారు, ఆవిడ లేచి వంగి నమస్కరించింది.

దారంతా కంకర, అక్కడక్కడా ఎత్తుపల్లాలు, పెద్దవాళ్లకి బూట్లు వేయించండి. కనీసం మూడు గంటలు పెట్టుకోండి, మాకు చాల్లేదు. తాళ్లు కట్టడం నవంబరు 1న మొదలై మార్చి మధ్యలో విప్పేస్తారు, వెళ్తే ఆ లోపే వెళ్లండి.